సీసం, జింక్ ఉన్న రాతి పొరలను గుర్తుపట్టడం ఎలా?

మెరిసే రాయి కనిపించగానే చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆగి, అది ఏ పొరలోంచి వచ్చిందో చూడండి. ఖనిజం కన్నా ముందు చదవాల్సింది దానికి ఇల్లైన రాతినే.

1. రాయి ఏమిటో తేల్చుకోండి. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయండి. సున్నపురాయి వెంటనే నురగలు కక్కుతుంది. దాన్ని పోలిన, మెగ్నీషియం కూడా ఉండే డోలమైట్ అనే రాయి దాదాపు ఊరుకుంటుంది, గీకి పొడి చేసి వేస్తే మెల్లగా బుడగలొస్తాయి. సీసం, జింక్‌ ఎక్కువగా దొరికే రాళ్ళలో డోలమైట్ ముఖ్యమైనది. బురద గట్టిపడి ఏర్పడిన నల్లటి, పలుచటి పొరల రాయి షేల్‌నూ వదలొద్దు.

2. ఖనిజం రాతిలో ఎలా కూర్చుందో చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే.

డోలమైట్‌లో పగుళ్ళు, గుహల్లాంటి ఖాళీలు, విరిగిన ముక్కల మధ్య సందులు ఖనిజంతో నిండి ఉంటే, అది రాయి ఏర్పడ్డాక వచ్చి చేరిందన్నమాట. భూమి లోతుల్లోని వేడి ఉప్పునీళ్ళు సీసాన్ని, జింక్‌ను కరిగించుకుని రాతి రంధ్రాల గుండా ప్రయాణిస్తాయి. గంధకం తగిలిన చోట ఆ లోహాలు దానితో కలిసి సల్ఫైడ్లు అనే ఖనిజాలుగా పేరుకుంటాయి. అమెరికాలోని మిస్సిసిపీ లోయ పేరుతో పిలిచే తరహా నిక్షేపాలు ఇవే. నీళ్ళు దాటలేని షేల్ పొర పైన మూతలా ఉంటే, దాని కిందే వెతకడం మంచిది.

షేల్‌లో మాత్రం ఖనిజం పొరకు సమాంతరంగా, సన్నని గీతల్లా సాగుతుంటే కథ వేరు. ఇలాంటివి చాలావరకు సముద్రపు అడుగున వేడి ఉప్పునీళ్ళు ఎగజిమ్మినప్పుడు బురదతో పాటే పేరుకున్నవి. ఎర్ర సముద్రంలో సుమారు 2,000 మీటర్ల లోతున ఇలాంటి లోహాల బురద ఇప్పటికీ ఉంది.

3. పైన తుప్పు రంగు చూడండి. సల్ఫైడ్లు గాలికి, వానకు చెడిపోయి గోధుమ, ఎరుపు రంగుల ఇనుప పెంకు మిగులుతుంది. దీన్ని గాసన్ అంటారు. జింక్ నీటితో తేలిగ్గా కొట్టుకుపోతుంది, సీసం అక్కడే ఉండిపోతుంది. కాబట్టి పైన జింక్ కనిపించలేదని నిరాశ పడకండి. 1883లో ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో గొర్రెల మేత భూముల కాపలాదారు చార్లెస్ రాస్ప్ అలాంటి పెంకున్న నల్లటి గుట్టను తగరం అనుకున్నాడు. కింద ప్రపంచంలోనే గొప్ప సీసం, జింక్, వెండి నిక్షేపం బయటపడింది.

4. ఇప్పుడు ఖనిజాన్ని పరీక్షించండి. గలీనా సీసపు ఖనిజం. పగిలితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది, బూడిద రంగులో లోహంలా మెరుస్తుంది. చేతిలో పెట్టుకుంటే ఆశ్చర్యం వేసేంత బరువు: నీటికి ఏడున్నర రెట్లు సాంద్రత. జింక్ ఖనిజమైన స్ఫాలరైట్ తేలికగా మోసం చేస్తుంది, పసుపు నుంచి నలుపు దాకా ఏ రంగైనా ఉండొచ్చు. కరకు పింగాణీ పలక మీద గీయండి. లేత పసుపు లేదా గోధుమ గీత పడుతుంది. ఆ పొడి మీద ఆమ్లం చుక్క వేస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది విషవాయువు, ముక్కు దగ్గర పెట్టుకోకండి. సీసపు పొడి కూడా ప్రమాదమే, చేతులు బాగా కడుక్కోండి. పాత గనుల్లోకి మాత్రం దిగొద్దు.

5. పొర ఏ దిక్కుకు సాగుతోందో, ఎటు, ఎన్ని డిగ్రీలు వాలిందో దిక్సూచితో కొలిచి రాసుకోండి. తర్వాత ఆ సాగే దిక్కునే నడవండి. అదే డోలమైట్ లేదా షేల్ మళ్ళీ నేల మీదికి తేలిన ప్రతి చోటా మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.