పాత రైలు ఫోటోల స్కానింగ్: ముందు వెనకవైపు చూడండి

రైల్వే ఊరి గ్రంథాలయంలో పాత ఫోటోల పెట్టె ఉంటే స్కానరు ఆన్ చేసేముందు ప్రతి ఫోటోనూ తిప్పి చూడండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, తేదీ అక్కడే దొరుకుతాయి. ఏ స్టేషనో తెలియని ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా సగం మూగదే. వెనక అంచున 2బి పెన్సిల్‌తో మెల్లగా నంబరు వేయండి. బాల్‌పెన్ వాడితే నొక్కు ముందువైపుకు తేలుతుంది.

దుమ్మును రబ్బరు బ్లోయరుతో తీయాలి. నోటితో ఊదితే తుంపర్లు పడి మచ్చలు మిగులుతాయి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటోను లాగకండి, బొమ్మ ఉన్న పొర అద్దంతోనే ఊడొస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి.

ప్రింట్లకు అంగుళానికి 600 పిక్సెళ్లు, అరచేతిలో ఇమిడే చిన్నవాటికి 1200. నలుపు-తెలుపు ఫోటో అయినా 24 బిట్ల కలర్‌లోనే తీయాలి, లేకపోతే పసుపు మరకకూ అసలు నీడకూ తేడా పోతుంది. కుదింపు లేని టిఫ్ (TIFF) రకం ఫైలుగా దాచండి. 6×8 అంగుళాల ప్రింటు సుమారు 52 ఎంబీ అవుతుంది. వెయ్యి ఫోటోలు రెండువైపులా తీస్తే వంద జీబీ దాటుతుంది. ఆటో షార్పెనింగ్, ఆటో కలర్ ఆపేయండి. నలుపు-తెలుపు నెగెటివ్‌లకు స్కానరులోని ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని కిరణాలతో) దుమ్ము తొలగింపు అసలు వద్దు: ఫిల్ములోని వెండి ఆ కిరణాలను అడ్డుకోవడంతో సాఫ్ట్‌వేర్ బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది.

కాలం తేల్చడానికి బోగీల మీది అక్షరాలు పట్టుకోండి. ఎం.ఎస్.ఎం. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. ఆ పేరు 1908లో వచ్చింది, 1951లో ఆ సంస్థ సదరన్ రైల్వేలో కలిసింది. కానీ పాత రంగు కొన్నేళ్లు నిలిచి ఉండొచ్చు కాబట్టి అక్షరాలొక్కటే సాక్ష్యం కాదు. రాజమండ్రి దగ్గరి గోదావరి ఫోటోల్లో పని సులువు: హేవలాక్ వంతెన 1900 నాటిది, పక్కన రోడ్డు-రైలు వంతెన పూర్తయి కనిపిస్తే 1970లకు ముందుది కాదు, పూర్తయిన కమాన్ల వంతెన ఉంటే 1990ల చివరిది లేదా ఆ తర్వాతిది.

ఫైలు పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు చాలు, ఖాళీలు వద్దు. వివరాలు మాత్రం యూనికోడ్ తెలుగులోనే టైపు చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో కొడితే ఇంకో కంప్యూటర్లో పిచ్చిరాతలు కనిపిస్తాయి, వెతికినా దొరకవు. బెజవాడ, విజయవాడ రెండూ రాయండి, చదువరి ఏ పేరుతో వెతుకుతారో చెప్పలేం.

కాపీలు మూడు: రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో, మూడోది ఇంకో భవనంలో. వానాకాలం కురిసే కప్పు కింద మూడూ ఉంచితే ఒకటి ఉన్నట్టే.

చివరగా ఏ4 ప్రింట్లు తీసుకుని రిటైరైన గార్డుల దగ్గరికి, పాయింట్స్‌మన్‌ల (పట్టాలు మార్చేవాళ్ల) దగ్గరికి వెళ్లండి, ఒరిజినల్స్ బయటికి తీయొద్దు. వాళ్లు చెప్పింది వివరాల పట్టికలో వేరే గడిలో, చెప్పినవారి పేరు, తేదీతో రాయండి. ఫోటో వెనక ఉన్న రాతను మాత్రం తప్పులతో సహా ఉన్నదున్నట్టే దించాలి.