అడగడానికి జంకే మనిషి కోసం

నేను ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. బడిలో, ఇంట్లో ఉబుంటు (విండోస్‌కు బదులు కంప్యూటరును నడిపే ఉచిత వ్యవస్థ), లిబ్రే ఆఫీస్ (ఉత్తరాలు, పట్టికలు తయారుచేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడే కొందరం కలిసి సహాయ బృందం ఒకటి పెట్టుకుని ఆరేళ్లయింది. దానికి కారణం, అంతకుముందు వేరే చోట నా మొదటి ప్రశ్నకు దొరికిన జవాబు: "ముందు మాన్యువల్ చదవండి." చదివాను కాబట్టే అడిగాను. ఆ తర్వాత ఏడాది పాటు ఎవరినీ ఏమీ అడగలేదు. మీరు ఏ ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ కోసం బృందం కట్టినా, ఆ ఏడాది నోరు మెదపని నాలాంటి మనిషిని మనసులో పెట్టుకుని కట్టండి.

ముందు గీత గీసుకోండి. ఉబుంటుకు మూలం లినక్స్, కానీ "లినక్స్ సహాయం" అంటే సముద్రం. మేము ఉబుంటులో తెలుగు, లిబ్రే ఆఫీస్, ఈ రెండే అనుకున్నాం. ప్రింటరు గురించి అడిగితే తరిమేయం, ఎక్కడ అడగాలో చెబుతాం. పొద్దున ఒకరు, రాత్రి ఒకరు చూసేలా ఇద్దరుంటే మొదలుపెట్టవచ్చు.

ఇక అసలు పని, జవాబు. మాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "మేడం, తెలుగు రావడం లేదు." అంతే, ఇంకో ముక్క ఉండదు. విసుగు వస్తుంది, నిజమే. కానీ ఏ వివరం చెప్పాలో తెలిసిన మనిషికి సగం జవాబు తెలిసినట్టే. పైగా ఆ ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. టైపు చేస్తే ఇంగ్లీషు అక్షరాలే పడడం ఒకటి. తెలుగుకు బదులు ఖాళీ గళ్లు కనిపించడం రెండోది, అంటే ఫాంటు లేదు. ఎప్పుడో డీటీపీ చేయించిన ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు రావడం మూడోది. అన్ని భాషల అక్షరాలకూ ఒకే లెక్కన నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, పాత పద్ధతి ఫాంట్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ముసుగు జారిపోతుంది.

కాబట్టి పది ప్రశ్నల పట్టిక పంపకండి. "తెరను ఫోనుతో ఒక ఫొటో తీసి పెడతారా?" అని అడగండి చాలు. స్క్రీన్‌షాట్ తీయడం రానివాళ్లకూ ఇది చేతనవుతుంది. ఫొటో వచ్చాక, అది మొదటి జబ్బు అయితే, మేము రాసే జవాబు ఇలా ఉంటుంది (ఇందులో ఐబస్ ఎం17ఎన్ అంటే తెలుగు టైపింగుకు కావలసిన సాఫ్ట్‌వేర్, ఆర్‌టీఎస్ అంటే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి):

"నమస్కారమండీ. ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ సరిగ్గానే పెట్టారు. ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, అప్పటిదాకా జాబితాలో తెలుగు ఆర్‌టీఎస్ కనిపించకపోవచ్చు. తర్వాత సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గర దాన్ని చేర్చి, విండోస్ గుర్తున్న మీట, స్పేస్ కలిపి నొక్కండి. ఎక్కడ ఆగినా చెప్పండి, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటాను."

అడిగినాయన ఏది సరిగ్గా చేశారో మొదటే చెప్పాం. చివర ఒక సమయం ఇచ్చాం. "చాలా సులువు" అన్న మాట ఎక్కడా లేదు, ఎందుకంటే సులువైన పని చేయలేకపోయానన్న సిగ్గు మనిషిని మళ్లీ రానివ్వదు.

వయసు ఎంతైనా మీరు, గారు తప్పనిసరి. కాలేజీ కుర్రవాడొకడు అరవై ఏళ్ల ఆయనను "బ్రో" అన్నాడు, ఆయన నొచ్చుకున్నారు, అప్పటి నుంచి ఈ నియమం. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారిని వెక్కిరించకండి. పాపం, తెలుగు టైపు చేయడం రాకనే కదా మన దగ్గరికి వచ్చారు!

చాటుగా, విడిగా అడిగేవారు చాలామంది ఉంటారు, మా దగ్గర ఆడవాళ్లు మరీ ఎక్కువ. "గ్రూపులో అడగండి" అని తిప్పి పంపితే వాళ్లు ఇక రారు. అక్కడే జవాబిచ్చి, అనుమతి తీసుకుని, పేరు లేకుండా ఆ ప్రశ్నను అందరి ముందు పెట్టండి. నాలుగుసార్లు అలా చూశాక ఐదోసారి వాళ్లే అడుగుతారు.

కొన్నిసార్లు తప్పు వాడేవారిది కాదు, సాఫ్ట్‌వేర్‌దే. లిబ్రే ఆఫీస్ లోపాలను దాన్ని చూసుకునే సంస్థ డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్‌జిల్లాలో, అంటే లోపాలు (బగ్‌లు) రాసుకునే వెబ్‌సైటులో, నమోదు చేయాలి, అదీ ఇంగ్లీషులో. ఇంగ్లీషు రాని మనిషిని అక్కడికి పొమ్మంటే ఏం లాభం? వర్షన్ నంబరు, ఏం చేస్తే లోపం బయటపడుతుందో అడిగి తెలుసుకుని మీరే రాయండి. బగ్ నంబరు ఆయనకు చెప్పండి. ఆ నంబరు చూసుకుని మురిసిపోయినవారిని నేను చూశాను.

తెలిసినవాడు కటువుగా మాట్లాడితే? మొదటిసారి విడిగా చెప్పండి. రెండోసారి వారం రోజులు జవాబులివ్వొద్దనండి, ఎంత పనిమంతుడైనా సరే. లినక్స్‌ను సృష్టించిన లైనస్ తోర్వాల్డ్స్ అంతటివారే 2018 సెప్టెంబరులో తన ఈమెయిళ్ల దురుసుతనానికి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పని ఆపుకున్నారు.

ఆదివారం నేను ఫోను ముట్టుకోను. ఆ రోజు వంతు, రెండేళ్ల క్రితం "మేడం, తెలుగు రావడం లేదు" అని వచ్చిన డీటీపీ ఆయనది. ఫొటోలో పిచ్చి గుర్తులు చూసి అది ఏ పాత ఫాంటో చెప్పేస్తారు. నాకు ఇప్పటికీ అది చేతకాదు.