ఆదివారం సెయింట్ ఆండ్రూస్: పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావాలంటే

స్కాట్లాండ్‌లో గోల్ఫ్‌కి పుట్టిల్లుగా పేరుపడ్డ ఈ ఊరికి ఆదివారమే వెళ్లండి. ఆ రోజు ఓల్డ్ కోర్స్ అనే ఇక్కడి పేరుమోసిన గోల్ఫ్ మైదానంలో ఆట ఉండదు, ఎవరైనా లోపలికి వెళ్లి తిరగొచ్చు. పెద్ద టోర్నమెంట్లు ఉన్నప్పుడు మాత్రం ఆదివారం కూడా ఆడతారు కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందు కోర్స్ వెబ్‌సైట్ చూసుకోండి.

ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, 1969లోనే మూసేశారు. ఎడింబరా వేవర్లీ స్టేషన్‌లో డండీ వైపు వెళ్లే రైలెక్కి లూకర్స్‌లో దిగాలి. గంట ప్రయాణం. అక్కడి నుంచి 99 నంబరు బస్సు పావుగంటలో ఊళ్లో దింపుతుంది. డండీలో చదువుకునే మనవాళ్లకు రైలు అక్కర్లేదు, ఇదే బస్సు నేరుగా వస్తుంది. రైల్లో కుడివైపు కిటికీలు పట్టుకోండి. ఫోర్త్ వంతెన దాటాక కింగ్‌హార్న్ నుంచి కర్కాల్డీ దాకా సముద్రం ఆ పక్కే ఉంటుంది. ఆదివారం బస్సులు తక్కువ. తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సును నమ్ముకోకుండా దాని ముందుది ఎక్కండి.

గోల్ఫ్ మైదానానికి ముందు తూర్పు చివరన ఉన్న శిథిలాలు చూడటం మేలు. కెథీడ్రల్ అనే పెద్ద చర్చిని 1318లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ సమక్షంలో ప్రతిష్ఠించారు. దగ్గర్లోని కోటలో అసలు చూడాల్సింది సొరంగం. 1546-47 ముట్టడిలో గోడ కిందకి చేరాలని బయటివాళ్లు తవ్వుతుంటే, లోపలివాళ్లు ఆ చప్పుడు విని ఎదురు తవ్వారు. దిక్కు తెలియక మొదట తప్పు చోట్ల మొదలుపెట్టి వదిలేశారు కూడా. హడావిడిగా తవ్వింది కాబట్టి వాళ్ల దారి ఇరుకు, వంకరటింకర. నడుం బాగా వంచి వెళ్లాలి, నేల తడిగా ఉంటుంది. జారని బూట్లు వేసుకోండి. ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు పైనే ఆగడం మంచిది.

భోజనానికి పులిహోర పట్టుకెళ్తే గోడకి వీపు ఆనించి తినండి. సీగల్స్ వెనక నుంచి వచ్చి చేతిలోది తన్నుకుపోతాయి. ఐస్‌క్రీమ్‌కి సౌత్ స్ట్రీట్‌లో 1908 నుంచి ఉన్న జనెట్టాస్ ఉంది.

ఓల్డ్ కోర్స్‌కి మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లండి. మైదానంలోని చిన్న రాతి వంతెన స్విల్కన్ మీద నిలబడ్డవాళ్ల వెనక 1854 నాటి క్లబ్‌హౌస్ పడాలంటే పడమర నుంచి ఫొటో తీయాలి. పొద్దునైతే ఎండ కెమెరాకి ఎదురుగా ఉండి మొహాలు నల్లగా వస్తాయి. గడ్డిలో ఎక్కడైనా నడవండి గానీ గ్రీన్స్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద, బంకర్లలో (ఇసుక గుంటల్లో) అడుగు పెట్టకండి. అక్కడ పడ్డ బూటు గుంట సోమవారం ఆడేవాళ్ల బంతిని పక్కకి తిప్పుతుంది. ఆట ఉన్న రోజు వెళ్లాల్సి వస్తే, మైదానాన్ని అడ్డంగా కోసే గ్రానీ క్లార్క్స్ వైండ్ దారిలో ఆగి రెండు వైపులా చూసి దాటండి. 'ఫోర్' అని, అంటే బంతి వస్తోంది జాగ్రత్త అని, కేక వినపడితే పైకి చూడకుండా తల మీద చేతులు కప్పుకోండి.

మీకూ ఆడాలనిపిస్తే పక్కనే బంతిని నేల మీద దొర్లించి గుంటలో వేసే హిమాలయాస్ పటింగ్ గ్రీన్ ఉంది. 1867లో మొదలైన మహిళల పటింగ్ క్లబ్ దాన్ని నడుపుతోంది. కర్ర, బంతి వాళ్లే ఇస్తారు, కొన్ని పౌండ్లే ఖర్చు. అన్నీ మిట్టపల్లాలే కాబట్టి మిట్ట దాటేంత బలం లేకుండా కొడితే బంతి దొర్లుకుంటూ మీ కాళ్ల దగ్గరికే వచ్చేస్తుంది. చలికాలంలో మూసేస్తారు, ఆదివారం వేళలు ముందే కనుక్కోండి.

గొడుగు తేవద్దు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న విండ్‌చీటర్ చాలు. ఆఖర్న వెస్ట్ శాండ్స్ తీరం వెంట నడిచేటప్పుడు, గాలి వీపున తోస్తుంటే దూరం తెలియదు. వెనక్కి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది, వెళ్లినదాని కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆ లెక్క చూసుకుని, బస్సుకి గంట ముందే వెనక్కి తిరగండి.