గ్యాస్ తగ్గిందా? ముందు ఫీడింగ్ లైన్ చూడండి

బయోగ్యాస్ ప్లాంటులో గ్యాస్ తగ్గిందనగానే అందరి చూపూ డైజెస్టర్ (చెత్త కుళ్లి గ్యాస్ పుట్టే మూసిన ట్యాంకు) మీదే పడుతుంది. బాక్టీరియా చచ్చిపోయిందేమో, పేడ తెచ్చి పోద్దామా అని హడావుడి. అసలు లోపలికి వెళ్లాల్సిన సరుకు వెళ్తోందా లేదా అన్నది మాత్రం ఎవరూ కొలిచి చూడరు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఉన్నటువంటి ప్లాంటుకు రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల వ్యర్థాలు కావాలి. ఇలాంటి చోట్ల చెత్త సాధారణంగా ష్రెడ్డర్ (ముక్కలు చేసే యంత్రం), స్క్రూ కన్వేయర్ (మరలాంటి రెక్కతో ముందుకు తోసేది), స్లర్రీ పంపు (నీళ్లు కలిపిన గుజ్జును తోడేది) దాటి డైజెస్టర్ చేరుతుంది. ఈ మూడింట్లో ఏది అరిగినా గ్యాస్ తగ్గుతుంది.

లక్షణం: పంపు తిరుగుతోంది, స్లర్రీ తక్కువగా వస్తోంది

వీలుంటే డెలివరీ పైపును పక్కకు మళ్లించి 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతోందో చూడండి. పంపు కొత్తలో పట్టిన సమయం కంటే బాగా ఎక్కువ పడుతోందంటే స్క్రూ పంపు స్టేటర్ (తిరిగే రోటర్ చుట్టూ ఉండే, లోపల రబ్బరున్న గొట్టం) అరిగినట్టే. అయితే వెంటనే కొత్తది తెప్పించేయకండి. పాత స్టేటర్‌ను కోసి లోపలి రబ్బరు చూడండి, సంగతి అదే చెబుతుంది. గీతలు పడి ఉంటే ఇసుక. గట్టిపడి, నల్లగా మాడి, పగుళ్లిచ్చి ఉంటే పంపు ఖాళీగా తిరిగింది. ఉబ్బి మెత్తబడి ఉంటే హోటల్ వ్యర్థాల్లోని నూనె ఆ రబ్బరుకు పడలేదు, నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు రకం అడగండి.

స్టేటర్ లోపల తిరిగే లోహపు కడ్డీ రోటర్‌నూ చేత్తో తడిమి చూడాలి. క్రోమ్ పూత లేచి గోరుకు గరుకుగా తగులుతుంటే ఎంత మంచి స్టేటర్ వేసినా అది కోసేస్తుంది. లోపలి లోహం గుంటలు పడకపోతే మళ్లీ క్రోమ్ వేయించుకోవచ్చు, పడితే రోటర్ మార్చడమే. బిగించేటప్పుడు గ్రీజు వద్దు, సబ్బునీళ్లు చాలు. కేసింగ్‌లో నీళ్లు నింపకుండా స్విచ్ వేయొద్దు, ఖాళీగా కొన్ని నిమిషాలు తిరిగినా కొత్త రబ్బరు మాడిపోతుంది. ఆ రోజు మోటారు తీసుకున్న ఆంపియర్లు, డ్రమ్ము నిండిన సమయం ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

లక్షణం: హాపర్ (చెత్త పోసే తొట్టి) నిండా సరుకుంది, కన్వేయర్ ముందుకు తోయడం లేదు

స్క్రూ రెక్క అంచు అరిగి, ట్రఫ్‌కూ (స్క్రూ తిరిగే దోనె) దానికీ మధ్య సందు పెరిగింది. సరుకు ఆ సందులోంచి వెనక్కి జారుతోంది. అంచు అరుగుదల చుట్టూ సమానంగా ఉందో లేదో ముందు చూడండి. ఒకవైపే ఎక్కువ అరిగితే షాఫ్ట్ వంగిందో, బేరింగ్ పోయిందో అనుకోవాలి. అది సరిచేయకుండా వెల్డింగ్ చేస్తే డబ్బు దండగ.

మైల్డ్ స్టీల్ రెక్కకైతే 7018 వెల్డింగ్ రాడ్‌తో అంచు నింపి, దాని మీద హార్డ్‌ఫేసింగ్ (అరగకుండా వేసే గట్టి వెల్డింగ్ పూత) ఒకటి రెండు పొరలు చాలు. సరుకును తోసే వైపు, అది కూడా బయటి అంచున పట్టీలా వేయాలి. ఒకేచోట కూర్చుని వేసుకుపోతే రెక్క వంకర తిరుగుతుంది, అక్కడో ముక్క ఇక్కడో ముక్క వేస్తూ పోవాలి. హార్డ్‌ఫేసింగ్‌కు క్రోమియం కార్బైడ్ రాడ్ వాడితే ఆ పొర మీద అడ్డంగా సన్నని పగుళ్లు వస్తే కంగారు పడక్కర్లేదు, ఆ రాడ్ తీరే అంత. పెచ్చులుగా లేస్తేనే గ్రైండ్ చేసి మళ్లీ వేయాలి. ఇంకొకటి: ఎర్త్ క్లాంపు స్క్రూకే, వెల్డింగ్ దగ్గర్లో పట్టించండి. ఫ్రేముకు పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిలో గుంటలు పెడుతుంది. చాలామంది వెల్డర్లు దీన్ని పట్టించుకోరు.

లక్షణం: ష్రెడ్డర్ మోటారు ట్రిప్ అవుతోంది

బ్లేడ్ల కంటే ముందు షాఫ్ట్ చూడండి. అరటి బోదె నార, గోనెసంచుల సుతిలి, ప్లాస్టిక్ తాళ్లు చుట్టుకుని ఉంటాయి. బ్లేడ్లు మొద్దుబారితే నార తెగదు, తెగని నారే చుట్టుకుంటుంది. రెండో అంచు ఉంటే తిప్పి వేయండి. సాన పట్టేటప్పుడు అంచు నీలం రంగుకు తిరిగితే పదును నిలవదు, నీళ్లు పోస్తూ మెల్లగా పట్టాలి.

ఇంత త్వరగా ఎందుకు అరిగింది?

ఆకుకూరల వేళ్లతో, దుంపలతో వచ్చే మట్టే చాలావరకు కారణం. దానికి తోడు కుళ్లిన కూరగాయల నీరు పుల్లగా ఉండి మైల్డ్ స్టీలును తినేస్తుంది. మిక్సింగ్ ట్యాంకు అడుగున పేరుకున్న ఇసుకను ఎప్పటికప్పుడు తీయకపోతే బాగుచేసిన సామాను మళ్లీ అదే దారి పడుతుంది.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ తీసి తాళం వేయండి, డైజెస్టర్ వైపు వాల్వు మూయండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది, కాబట్టి స్క్రూను షెడ్డుకు తీసుకెళ్లి వెల్డింగ్ చేయించండి. మిక్సింగ్ ట్యాంకులోకి గ్యాస్ మీటరుతో చూడకుండా, గాలి ఆడించకుండా, పైన మనిషి లేకుండా దిగొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియదు.

బాగయ్యాక, ఆగిన రోజుల బాకీ ఒక్కసారే తీర్చేద్దామని పూర్తి లోడు పోయొద్దు. కూరగాయలు తొందరగా పులుస్తాయి. పావు వంతుతో మొదలుపెట్టి రోజూ డైజెస్టర్‌లోని పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) చూస్తూ పెంచండి. 6.8 కంటే దిగితే ఫీడింగ్ ఆపి, అది మళ్లీ 7 దగ్గరికి వచ్చేదాకా ఆగండి.