పెద్ద టైర్లు వేశాక ఆఫ్‌రోడ్ ట్రక్కులో వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఆఫ్‌రోడ్ ట్రక్కుకు పెద్ద టైర్లు బిగించాక ఏ ఇబ్బంది వచ్చినా నింద ముందుగా టైరు ఎత్తు మీద పడుతుంది. విడదీసి చూస్తే అసలు కారణం చాలాసార్లు రిమ్ము ఆఫ్‌సెట్‌లోనో, వెడల్పులోనో దొరుకుతుంది. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము మధ్యరేఖకూ, అది హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య ఉన్న దూరం, మిల్లీమీటర్లలో; అది తగ్గిన కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. లెక్క సులువుగా ఉండటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ట్రక్కుకు ప్లస్ 30 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ముల మీద 265/70 ఆర్17 టైర్లు ఉన్నాయి (వెడల్పు 265 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ అనే పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు). వాటి స్థానంలో సున్నా ఆఫ్‌సెట్ రిమ్ముల మీద 285/70 ఆర్17 టైర్లు వచ్చాయి. పాత టైరు వ్యాసం సుమారు 803 మిల్లీమీటర్లు, కొత్తదాని వ్యాసం 831.

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు రాసుకుంటోంది

ముందుగా ఎక్కడ రాసుకుంటోందో తేల్చుకోవాలి. టైరు భుజాల మీద సుద్దముక్కతో దట్టంగా గీతలు గీసి, బండిని నెమ్మదిగా నడుపుతూ స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పితే, తగిలిన చోట తెల్లటి మరక పడుతుంది. బండి కొన్ని రోజులుగా తిరుగుతూ ఉంటే సుద్ద కూడా అక్కర్లేదు: చక్రం వెనక క్యాబిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే మౌంటు అంచు నున్నగా నల్లబడి ఉంటుంది, లోపలి ప్లాస్టిక్ లైనర్ చివర పొట్టు లేచి వేలాడుతూ ఉంటుంది.

ఆఫ్‌సెట్ 30 మిల్లీమీటర్లు తగ్గడంతో చక్రం మధ్యరేఖ అంత మేరా బయటికి జరిగింది. టైరు వెడల్పు 20 పెరిగింది కనుక దానిలో సగం, అంటే 10, బయటివైపు చేరింది. వెరసి టైరు బయటి అంచు సుమారు 40 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తన నడిమి బిందువు మీద కాక, లోపల ఉన్న బాల్ జాయింట్ల ఇరుసు చుట్టూ తిరుగుతుంది కాబట్టి, ఆ ఇరుసుకు ఎంత దూరంగా జరిగితే అంత పెద్ద చాపం గీస్తుంది. ఎడమకు తిప్పినప్పుడు ఎడమ చక్రం వెనక్కి జరుగుతుంది, కుడి చక్రం ముందుకు జరుగుతుంది. చక్రం 30 డిగ్రీలు తిరిగితే, 30 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ మార్పు ఒక్కటే చక్రాన్ని మరో 15 మిల్లీమీటర్లు మౌంటు వైపు నెడుతుంది. టైరు ఎత్తు పెరిగినందువల్ల ఆ దిశలో తగ్గిన ఖాళీ 14 మిల్లీమీటర్లే. అంటే తప్పు పెద్ద టైరుది ఎంతో, రిమ్ముది కూడా అంతే.

కాబట్టి రిమ్ము ఎంపికను సరిదిద్దుకోవడమే మొదటి పరిష్కారం. అదే టైరును ప్లస్ 25 ఆఫ్‌సెట్ రిమ్ము మీద బిగిస్తే బయటి అంచు 15 మిల్లీమీటర్లే బయటికి వస్తుంది, లోపలి అంచు కేవలం 5 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది. ఆ మేరకు పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే సస్పెన్షన్ చేయి) దగ్గర ఖాళీ ఉందో లేదో కొనేముందే కొలుచుకోవాలి. ఆ తరువాతే అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) పెంచి చక్రాన్ని కాస్త ముందుకు జరపడం, లైనర్‌ను వేడిచేసి వెనక్కి ఒత్తడం వంటివి చూడాలి. మౌంటును కోసి మళ్లీ వెల్డింగ్ చేయడం చాలామంది చేసే పనే అయినా, చవకైన దారులన్నీ మూసుకుపోయాక మాత్రమే దాని జోలికి వెళ్లడం మంచిది.

మామూలు రోడ్డు మీద బాగానే ఉంది, గుంతల్లో మాత్రం రాసుకుంటోంది

దీనికి లిఫ్ట్ కిట్ మందని అనుకుంటారు. లిఫ్ట్ కిట్ బండి నిలబడే ఎత్తును పెంచుతుంది. సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు చక్రం ఎంత పైకి వెళ్లగలదో నిర్ణయించేది బంప్‌స్టాప్. బంప్‌స్టాప్ మార్చకుండా స్ప్రింగులు మాత్రమే మార్చితే, పెద్ద గుంతలో టైరు పాత చోటికే వెళ్లి తగులుతుంది. ఒక చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, సస్పెన్షన్ అణిగి ఉండగా స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడాలి. టైరు తగిలితే పొడవైన బంప్‌స్టాప్ వేయాలి, లేదా చిన్న టైరుకు రావాలి.

స్టీరింగ్ కుదుపుతోంది, వణుకుతోంది

రాయి తగిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిని విసురుతుంటే దానికి కారణం మళ్లీ ఆఫ్‌సెట్టే. చక్రం బయటికి జరిగితే రాయి దెబ్బకు మీట పొడవు పెరుగుతుంది, బేరింగుల మీదా భారం పెరుగుతుంది. వేగం పెరిగిన కొద్దీ సమానంగా వచ్చే వణుకు వేరు: బ్యాలెన్సింగ్ సరిగ్గా ఉన్నా అది పోకపోతే, రిమ్ము నడిమి రంధ్రం హబ్ కన్నా పెద్దదిగా ఉందేమో, వీల్ నట్ల కూర్చునే భాగం రిమ్ములోని గుంటకు సరిపోతోందో లేదో చూడాలి. శంకువు ఆకారపు నట్టును గోళాకారపు గుంటలో బిగిస్తే అది పట్టు ఇవ్వదు. ఇది వణుకుతో ఆగే తప్పు కాదు, చక్రం ఊడిపోయేదాకా వెళ్లగలదు. కొత్త రిమ్ములు వేశాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లను టార్క్ రెంచితో మళ్లీ సరిచూడాలి. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండి ఒక గుంత తగలగానే అదుపు తప్పినట్టు ఊగితే, ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా పట్టి ఉంచే కడ్డీ) బుష్‌లను, బాల్ జాయింట్లను పరీక్షించాలి. స్టీరింగ్ డ్యాంపర్ మార్చడం వల్ల అరుగుదల కనపడకుండా పోతుంది తప్ప తగ్గదు.

ఊపు తగ్గింది, బ్రేకులు మెత్తబడ్డాయి

పెద్ద టైరు గేరింగ్‌ను పొడవు చేస్తుంది. మన పాత టైరు వ్యాసమైన 31.6 అంగుళాల నుంచి 35 అంగుళాలకు వెళితే, 3.73 యాక్సిల్ నిష్పత్తి ఉన్న బండికి పాత ఊపు రావాలంటే దాదాపు 4.13 కావాలి, దానికి దగ్గరగా దొరికేది 4.10. ముందు, వెనక యాక్సిళ్లు రెండింటినీ కలిపే మార్చాలి. బ్రేకుల విషయంలో బరువైన టైరు, రిమ్ము కలిసి చేసే నష్టానికి తేలికైన రిమ్ము కొంత ఊరట ఇస్తుంది. మన ఉదాహరణలోని చిన్న మార్పుకు గేర్ల జోలికి వెళ్లనవసరం లేదు. స్పీడోమీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 103.5 ఉంటుందని గుర్తుంచుకుంటే, లేదా కాలిబ్రేట్ చేయిస్తే సరిపోతుంది.

గాలి తగ్గించి నడిపితే టైరు రిమ్ము నుంచి జారుతోంది, లేదా రిమ్ము వంగుతోంది

మొదటిదానికి సాధారణ కారణం టైరుకు మించిన వెడల్పు రిమ్ము. 285/70 ఆర్17 టైరుకు అనుమతించే రిమ్ము వెడల్పు 7.5 నుంచి 9 అంగుళాలు. తక్కువ గాలితో తిరగదలచినవారు ఆ పరిధిలో సన్నవైపు ఉండటం మేలు. రెండోదానికి కారణం సైడ్‌వాల్ ఎత్తు చాలకపోవడం. 275/55 ఆర్20 టైరు వ్యాసం 810 మిల్లీమీటర్లు, దాని సైడ్‌వాల్ ఎత్తు 151. 265/70 ఆర్17కు అది 185. దాదాపు అదే ఎత్తున్న చక్రంలో రాయికీ రిమ్ముకూ మధ్య 34 మిల్లీమీటర్ల రబ్బరు తేడా వస్తుంది. 20 అంగుళాల రిమ్ములు అందంగా ఉంటాయన్నది నిజమే, కానీ వాటిని రాళ్లలోకి తీసుకెళ్లడం నాకు సమ్మతం కాదు. బ్రేక్ క్యాలిపర్ అడ్డు రానంత వరకు చిన్న రిమ్మే సరైనది.

టైరు మధ్యలో మాత్రమే అరుగుతోంది, ప్రయాణం గట్టిగా ఉంది

ఎల్‌టీ (లైట్ ట్రక్) తరగతి టైర్లలో పక్కమీద రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడి దాకా గాలి నింపితే ఇలాగే జరుగుతుంది. అలాగని పాత టైర్ల ఒత్తిడి కూడా వీటికి వర్తించదు: అదే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు కొంత ఎక్కువ గాలి కావాలి. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దగీత గీసి, కొంత దూరం తిన్నగా నడిపి, మధ్యలో చెరిగితే గాలి తగ్గించాలి, అంచుల్లో చెరిగితే పెంచాలి. లోడ్ ఇండెక్స్ (ఒక టైరు మోయగల బరువును సూచించే అంకె) పాత టైరుకన్నా తక్కువ కాకూడదు; 113 అంటే 1150 కిలోలు, 121 అంటే 1450 కిలోలు.

ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే గేర్‌బాక్స్ కింద బిగుసుకున్న శబ్దం

స్టెప్నీ పాత సైజుదే ఉండి, పంక్చరు వచ్చినప్పుడు దాన్ని తగిలించి నడిపితే, ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగవలసి వచ్చి ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే గేర్ల పెట్టె) బిగుసుకుంటుంది. స్టెప్నీని కూడా అదే సైజుకు మార్చాలి. కొత్త టైరు వెనక చట్రం కింద పాత చోట పట్టకపోతే వెనక తలుపు మీదికో, బెడ్ లోపలికో దాని స్థానం మారాలి. అది కుదిరేదాకా పాత స్టెప్నీ వేసినప్పుడు టూ వీల్ డ్రైవ్‌లోనే నడపాలి. డ్రైవ్ యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాల వేగాల తేడాను పరిమితం చేసే గేర్ల అమరిక) ఉంటే చిన్న టైరును ఆ యాక్సిల్‌కు వేయకుండా, రెండో యాక్సిల్‌కు మార్చుకోవాలి.