గది తమ్ముడికి ఇచ్చే ముందు ఓనరుకి రాసిన ఉత్తరం

జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ఎంఎస్ చదువుతుండగా నాకు స్టుట్‌గార్ట్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. రెండు చోట్లా అద్దె కట్టలేను. గది వదిలేస్తే, థీసిస్‌కి తిరిగొచ్చేసరికి మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు "అక్కా, తాళాలు ఇచ్చెయ్, అద్దె నేను కడతా" అన్నాడు. ఇవ్వలేదు. జర్మనీలో ఓనరు అనుమతి లేకుండా ఇంకొకరిని దించితే మన ఒప్పందమే రద్దు చేయొచ్చు. అప్పుడు మనతోపాటు, మనల్ని నమ్మి దిగినవాడూ రోడ్డున పడతాడు.

మొదట "ఆరు నెలలు ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చా?" అని ఒక్క లైను మెయిల్ పెట్టాను. నా గది ఓనరైన హౌసింగ్ కంపెనీ కుదరదంది. రెండోసారి పద్ధతిగా ఉత్తరం రాశాను: దిగే మనిషి పేరు, పుట్టిన తేదీ, చదువు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు. ఇంటర్న్‌షిప్ కాంట్రాక్టు జతచేసి, జవాబుకి రెండు వారాల గడువు పెట్టాను.

జర్మన్ సివిల్ కోడ్ 553వ సెక్షన్ ప్రకారం, అద్దె ఒప్పందం చేసుకున్నాక సరైన అవసరం వచ్చి, ఇంట్లో కొంత భాగం ఇస్తుంటే, అనుమతి కోరే హక్కు మనకుంది. మొత్తం ఇచ్చేస్తే లేదు. మరి నాలా ఒంటి గది ఫ్లాటులో ఉంటే "కొంత భాగం" ఎక్కడిది? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 2023 సెప్టెంబరులో ఫెడరల్ కోర్టు, బెర్లిన్ కేసొకదానిలో, ఒంటి గది ఫ్లాటుకీ ఈ హక్కు ఉండొచ్చని చెప్పింది. అందులో అద్దెకున్నాయన ఒక బీరువా, కాస్త చోటు, ఒక తాళంచెవి తనకోసం ఉంచుకున్నాడు. నేనూ బట్టల బీరువా, ఒక తాళంచెవి ఉంచుకుంటానని రాశాను. తొమ్మిదో రోజున అనుమతి కాగితం వచ్చింది. స్టూడెంట్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు మాత్రం ముందు తమ ఒప్పందం చదివి, ఆఫీసులో అడగాలి.

తర్వాత తమ్ముడితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాను. దిగిన రోజు ఇద్దరం కలిసి గోడలు, స్టవ్, బాత్రూమ్ ఫోటోలు తీశాం. వాడు ఏది పాడుచేసినా ఓనరుకి జవాబు చెప్పాల్సింది నేనే కదా. నేను కట్టే అద్దె, నెలకు 18.36 యూరోల రేడియో-టీవీ రుసుము, అంతే తీసుకున్నాను. పరాయి దేశంలో మన పిల్లల అవసరం మీద లాభం తీసుకోకూడదు.

మరొకటి, అన్మెల్డుంగ్. కొత్త చిరునామా రెండు వారాల్లో నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకమున్న కాగితం కావాలి. ఇక్కడ ఇచ్చింది నేనే కాబట్టి నేనే సంతకం పెట్టాలి. "గది ఇస్తాను గానీ అన్మెల్డుంగ్ కుదరదు" అనేవాళ్ల దగ్గర, ఎంత చవకైనా సరే, దిగకండి. ఆ కాగితం వాడికి తాళాలతోపాటే ఇచ్చాను.