భూకంపం వార్త వినగానే మన తీరంలో ఏం చూసుకోవాలి

అండమాన్‌లో భూకంపం అని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఫోన్లు మోగుతాయి. అందరూ అడిగేది ఒక్కటే, "ఎంత వచ్చిందంట?" సునామీ వస్తుందో లేదో తెలియాలంటే ఆ అంకె ఒక్కటే చాలదండీ. సముద్రం కిందే వచ్చిందా, ఎంత లోతులో, నేల ఎటు కదిలింది, ఇవి కూడా అడగాలి.

అంకెతోనే మొదలుపెడదాం. ఒక్కో అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది, అంటే 7 కంటే 9 వెయ్యి రెట్లు పెద్దది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర వచ్చింది 9.1. అంత శక్తి ఒక్కరోజులో పుట్టింది కాదు. మన దేశాన్ని మోస్తున్న భూఫలకం, అంటే భూమి పైపొరలోని పెద్ద రాతి పలక, సుమత్రా, అండమాన్ల కిందికి ఏటా కొన్ని సెంటీమీటర్లు దూరిపోతూ, పైనున్న ఫలకం అంచుని కూడా తనతో పాటు కిందికి ఈడుస్తుంది. వెదురు బద్దని వంచి పట్టుకున్నట్టు. వందల ఏళ్ళు అలా వంగి వంగి, పట్టు జారిన క్షణాన ఆ అంచు పైకి ఎగురుతుంది. ఆ రోజు దాదాపు 1300 కిలోమీటర్ల పొడవున జారింది, దాని మీదున్న నీళ్ళన్నీ అడుగు నుంచి పైదాకా లేచాయి. సునామీ అంటే అదే.

2012 ఏప్రిల్ 11న అటువైపే 8.6 వచ్చింది. అందరికీ టెన్షనే. కానీ అక్కడ నేల పక్కకి జారింది, నీళ్ళని ఎత్తలేదు, చిన్న అలలతో పోయింది. 70 కిలోమీటర్ల కన్నా లోతున వస్తే కూడా భయం తక్కువ. అలాగని హెచ్చరిక ఉండగా ఇంట్లో కూర్చుని ఈ లెక్కలు వేసుకోకండి, ముందు కదలండి.

ఎందుకంటే టైం తక్కువ. 4 కిలోమీటర్ల లోతు నీళ్ళలో సునామీ గంటకి 700 కిలోమీటర్లు పరిగెడుతుంది. 2004లో మన టైం ఉదయం 6:29కి భూమి కదిలితే తొమ్మిది దాటాక మన తీరానికి చేరింది. ఆ రెండున్నర గంటల్లో చెప్పే నాథుడు లేడు, ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ, నిమిషాల్లోనే సమాచారం ఇస్తోంది, దాన్నే నమ్మండి. "రేపు సాయంత్రం సునామీ" అని ముందురోజే వచ్చే వాట్సాప్ మెసేజ్ మాత్రం అబద్ధం, భూకంపాన్ని అలా తేదీతో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళు దీన్ని ఉప్పెనతో పోల్చుకుంటారు. ఉప్పెనకి ముందు మబ్బు, గాలి ఉంటాయి. సునామీ ఎండ కాస్తుండగా కూడా వస్తుంది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే చేపలు ఏరుకోవడానికి దిగకండి, పరిగెత్తండి. అయితే ప్రతిసారీ వెనక్కి పోదు. మనకి కొండల్లేవు కాబట్టి తుఫాను షెల్టరో, గట్టి స్లాబు మేడో ఎక్కాలి. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల్లోకి కూడా నీళ్ళు ఎగదన్నుతాయి, ఏటిగట్టు మీద నిలబడి చూడొద్దు. మొదటి అల పోయిందని ఇంటికి రావొద్దు, తర్వాతది ఇంకా పెద్దది కావచ్చు, గంట తర్వాతైనా రావచ్చు.

వేటకెళ్ళినవాళ్ళకి చెప్పేది వేరు. లోతు నీళ్ళలో ఉంటే ఒడ్డుకి రావొద్దనండి. అక్కడ ఆ అల మీటరు ఎత్తు కూడా ఉండదు, బోటు కింద నుంచి తెలియకుండానే పోతుంది. రావొచ్చని అధికారుల కబురు అందేదాకా అక్కడే ఉండమనండి.